మెరుగక్క కోసిన ప్లేటు

మెరుగక్క అన్న పేరు ఆవిడకు చేతిపని వల్ల వచ్చింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాలిచ్చే ఆఫీసులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. కట్టుకున్న మొగుడు కూడా సరదాగా ఉన్నప్పుడు "ఏం మెరుగక్కా, అన్నం పెడతావా?" అనేవాడు. ఆ మాటకు ఆవిడ గరిటె చూపించేది.

తండ్రికి ఇరుకు సందులో ఒక షాపుండేది. కుళాయిలు, తలుపు పిడులు, మెట్ల కమ్మీల చివర బిగించే ఇత్తడి గుండ్లు ఎవరైనా తెచ్చిస్తే, గిర్రున తిరిగే గుడ్డచక్రం మీద పట్టి తళతళలాడించి ఇచ్చేవాడు. ఆ చక్రం పక్కనే పెరిగిన పిల్లకు పని దానంతటదే వచ్చేసింది. పెళ్లయి వచ్చాక అత్తగారు మొదట కొంచెం గొణిగింది. ఆడపిల్లకు ఆ మసి పని ఏమిటంది. తర్వాత, కోడలి చెయ్యి పడ్డ పళ్లెంలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని తెలిసినప్పటి నుంచి ఇరుగుపొరుగుల దగ్గర ఆవిడ చెప్పుకునే గొప్పలకు అంతులేకుండా పోయింది.

ఇత్తడి పిడులు అడిగేవాళ్లు తగ్గిపోయి తండ్రి షాపు మూతపడ్డాక, మెరుగక్క ఊరి చివర ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ చేసేవన్నీ టైటానియం సామాన్లు. పోత పోయరు, సుత్తితో కొట్టరు. పెద్ద బీరువా అంత మిషన్లో లోహపు పొడిని పీట మీద పిండి జల్లినట్టు పల్చగా పరుస్తారు. లేజరు వెలుగు కావలసిన చోట మాత్రమే దాన్ని కరిగిస్తుంది. దాని మీద మళ్లీ పొడి, మళ్లీ వెలుగు. అలా పొర మీద పొర పడుతూ చివరికి వస్తువు లేచి నిలబడుతుంది. విమానాలకు కావలసిన బిగింపులూ, మనుషులకు కావలసిన ఎముకలూ అదే మిషన్లోంచి వచ్చేవి. ఆ మిషన్ నడిపే పెద్దాయన్ని అందరూ పొడి బాబాయి అనేవారు. మాట్లాడితే పొడి ఎగిరిపోతుందేమో అన్నట్టు నోరు తక్కువగా విప్పే మనిషి.

చేరిన రోజున ఆయన అప్పుడే మిషన్లోంచి తీసి దులిపిన ముక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. బూడిదరంగులో, పిల్లి నాలుకలా గరగరలాడుతూ ఉంది. అరకొరగా కరిగిన పొడి గింజలు పైన అతుక్కుని ఉండిపోతాయని, కింద పడకుండా నిలబెట్టిన సన్నటి ఊతలు ముళ్లలా మిగిలిపోతాయని, అవన్నీ తీసి నున్న చెయ్యడమే ఆవిడ పని అని చెప్పాడు. గరుకు ఎక్కడ మిగిలితే పగులు అక్కడే మొదలవుతుందని కూడా చెప్పాడు. ఆ నెలంతా కలిపి ఆయన మాట్లాడింది అంతే.

ఇత్తడి చెప్పిన మాట వింటుంది. టైటానియం వినదు. వేడిని లోపలికి పోనివ్వక రుద్దిన చోటే పెట్టుకు కూర్చుంటుంది. కొంచెం గట్టిగా అదిమితే పసుపురంగుకు తిరిగి, ఇంకొంచెం అదిమితే నీలం కక్కుతుంది. గరుకు కాగితానికి జిగురులా అంటుకుంటుంది. దాని సన్నటి ధూళికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుకని ధూళిని ఎప్పటికప్పుడు లాగి నీళ్లలో ముంచే గొట్టం పక్కనే హోరుమంటూ ఉండేది. మొదటి వారమంతా మెరుగక్క నీలం మచ్చలే వేసింది. ఇంటికొచ్చి, ఇంత మొండి లోహాన్ని తన జన్మలో చూడలేదని అత్తగారితో అంది. తను చూశాననీ, దాన్నే కని పెంచాననీ అత్తగారు సోఫాలో పడుకున్న కొడుకు వైపు చూపించింది.

ఆ మొండిదాన్ని కూడా మెరుగక్క దారిలోకి తెచ్చుకుంది. తేలిగ్గా అదమడం, తడుపుతూ ఉండడం, ముతక కాగితం నుంచి సన్న కాగితానికి తొందరపడకుండా దిగడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకు పుర్రె ప్లేట్ల పని మొత్తం ఆవిడ బల్ల మీదికే రావడం మొదలైంది.

పుర్రె ప్లేటంటే, దెబ్బ తగిలో జబ్బు చేసో తలలో కొంత ఎముక తీసెయ్యాల్సి వచ్చినవాళ్లకు ఆ ఖాళీలో బిగించే మూత. ఆ మనిషి తలను స్కాన్ చేసి, ఖాళీ ఎంత ఉందో సరిగ్గా అంతకే చేస్తారు. ఒకరిది ఇంకొకరికి పట్టదు. పైభాగం అద్దంలా ఉండాలి, లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. ఎముకను ఆనుకునే అంచు మాత్రం గరుకుగానే వదలాలి. ప్రతి ప్లేటుకీ లోపలివైపు ఒక నంబరు చెక్కి ఉండేది. పేరు ఉండదు, ఆడో మగో తెలియదు. ఎవరిదని అడగడం కూడా ఆవిడకు తోచేది కాదు. కుళాయి మెరుగు పెట్టేటప్పుడు ఆ నీళ్లు ఎవరు తాగుతారని తండ్రి ఎప్పుడైనా అడిగాడా?

ఒక వానాకాలంలో పెద్ద ప్లేటొకటి వచ్చింది. కుడివైపు నుదురంతా, కనుబొమ్మ గట్టుతో సహా. అంత పెద్దది ఆవిడ అంతకుముందు చెయ్యలేదు. వంపు మీద వంపు, మధ్య మధ్య చిన్న చిన్న బెజ్జాలు, ఒక్కో బెజ్జం అంచునూ విడిగా గుండ్రం చెయ్యాలి. దాని మీద పని చేస్తుంటే, తెలియకుండానే ఎదురుగా ఒక మొహం తయారవుతున్నట్టుండేది. కనుబొమ్మ గట్టు కాస్త ఎత్తుగా ఉంది. కోపిష్టి మనిషై ఉంటాడనుకుంది. ఇంకో రోజు, కాదు, ఎండలో కళ్లు చికిలించుకుని పనిచేసే మనిషేమో అనుకుంది. భోజనానికి లేస్తూ "వస్తానుండు" అని దానికి చెప్పి లేచేది. ఆ మాట విన్న పొడి బాబాయి తల పక్కకు తిప్పుకుని నవ్వాడు.

పని ముగింపుకు వచ్చింది. ఇక గుడ్డచక్రం మీద చివరి మెరుగు పెడితే అయిపోతుంది. ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి గొట్టం ఆపించాడు. హోరు ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఆయన మాట అవసరమైనదానికంటే పెద్దగా వినిపించింది.

"ఆపెయ్ అక్కా. ఆ పేషెంటు పోయాడట. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది."

మెరుగక్క చేతిలో ప్లేటు అలాగే ఉంది. రుద్ది రుద్ది వెచ్చగా ఉంది. ఆవిడకు ముందు ఆ మాట అర్థం కాలేదు. ఎక్కడికి పోయాడు, వేరే ఆస్పత్రికా అని అడిగింది. సూపర్‌వైజరు నేల చూశాడు. అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్న వెచ్చదనం చటుక్కున భయం పుట్టించింది. ప్లేటును బల్ల మీద పెట్టి, చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ నిలబడింది. తుడుచుకున్న చేతులనే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

అక్కడితో అయిపోలేదు. ఒకరి కొలతకు చేసింది పొరపాటున కూడా ఇంకొకరికి వెళ్లకూడదు కాబట్టి, రద్దయిన ప్లేటును రెండు ముక్కలుగా కోసెయ్యాలన్నది ఫ్యాక్టరీ నియమం. కోత మిషన్ పొడి బాబాయి చేతి కింద ఉంటుంది. ఆయన ప్లేటు వైపు చూసి, తన వల్ల కాదని చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు. సూపర్‌వైజరు ఇంకెవరినైనా పిలుస్తానన్నాడు. మెరుగక్క వద్దంది. ఇన్నాళ్లు చేతుల్లో పెట్టుకున్నదాన్ని ఎవరో ఇనుప తుక్కులా లాగి కోస్తుంటే చూడలేనంది. తనే తీసుకెళ్లి బిగించింది. చల్లార్చే నీళ్లు ధారగా పడుతుంటే రంపం కనుబొమ్మ దగ్గర మొదలుపెట్టి పైదాకా వెళ్లింది. రెండు ముక్కలూ ట్రేలో పడ్డప్పుడు గిన్నె మూత జారిపడ్డంత చప్పుడైంది, అంతే. 

ఇంట్లో అత్తగారు కోడలి మొహం చూసి ఎవరికి ఏమైందని అడిగింది. మనిషి పోయాడంది మెరుగక్క. ఎవరంటే తెలియదంది. వయసెంతంటే తెలియదంది. ఊరూ పేరూ తెలియనివాడి కోసం ఈ ఏడుపేమిటని అత్తగారు విసుక్కుంది. కానీ ఆ పూట వంట తనే చేసింది. కంచం కోడలి ముందుకు జరిపి, తినేదాకా అక్కడే కూర్చుంది.

రెండు రోజులు గడిచాయి. ఉదయం పని మొదలవుతూనే సూపర్‌వైజరు గదిలోకి వచ్చాడు. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"అక్కా, ఆ నుదుటి ప్లేటాయన బతికే ఉన్నాడు."

ఆయనే గబగబా చెప్పుకుపోయాడు.

"ఆయనకేం కాలేదట. ఆపరేషన్ రోజు ఖాయం చేశాం, ప్లేటు ఇంకా రాలేదేమిటని డాక్టరే ఫోన్ చేశాడు. మనవాళ్లు విన్నదాంట్లో పొరపాటు. నంబరు తప్పు రాసుకున్నారు."

మెరుగక్క పక్కనున్న స్టూలు కోసం చెయ్యి చాపింది, అందలేదు. పొడి బాబాయి వెనకనుంచి స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. చచ్చాడనుకున్న మనిషి బతికాడంటే ఎవరికైనా సంతోషం కలగాలి. ఆవిడకు కలిగింది సంతోషం కాదు. బతికున్న మనిషి నుదుటి మీద రంపం పెట్టానన్న ఒక్క సంగతి తప్ప బుర్రలో ఇంకేమీ నిలవలేదు.

"నేను కోసేశాను" అంది. "నా చేతులతో నేనే కోసేశాను."

నీ తప్పేమీ లేదని సూపర్‌వైజరు అన్నాడు. అది ఆవిడ చెవికెక్కలేదు. పొడి బాబాయి అప్పటికే మిషన్ దగ్గరికి వెళ్లి మూత తెరిచి, కొత్త పొడి నింపుతున్నాడు.

అప్పుడు మెరుగక్కకు ఇంకో ప్రశ్న తట్టింది. ఎవరూ పోకపోతే ఆస్పత్రివాళ్లు ఎందుకు ఫోన్ చేస్తారు?

"మరి పోయింది ఎవరు?"

సూపర్‌వైజరు చెప్పాడు. అదే ఆస్పత్రికి అంతకు ముందు వారం పంపిన చిన్న ప్లేటు ఉంది కదా, చెవి వెనకది, అది పెట్టాల్సినవాళ్లట పోయింది. ఆపరేషన్‌కు ముందే జ్వరం వచ్చి తగ్గలేదట. పంపిన పెట్టె తెరవనే లేదట.

చిన్న ప్లేటు. చెవి వెనకది. మెరుగక్క గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ గుర్తు రాలేదు. దాని వంపు ఎటు ఉందో, బెజ్జాలు ఎన్ని ఉన్నాయో, ఏ రోజు మొదలుపెట్టి ఏ రోజు ముగించిందో, ఒక్కటీ గుర్తు లేదు. ఆ వారం గుర్తుంది. బస్సు నడిపే మొగుడికి రూటు మార్చారు, కూతురు బడిలో బూట్లు పోగొట్టుకుని వచ్చింది, అత్తగారి కళ్లజోడు విరిగింది. అవన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలదు. ఆ ప్లేటు మాత్రం లేదు. ఈ రెండు రోజులూ బతికున్నవాడి కోసం ఏడ్చింది. పోయినవాళ్లది ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియలేదు. రంపం సంగతి కంటే ఇది ఆవిణ్ణి ఎక్కువ కుదిపేసింది. గోడ వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

రెండో నుదుటి ప్లేటు మిషన్లోంచి వచ్చింది. లోపల బిగుసుకున్న ఒత్తిడి పోవడానికి కొలిమిలో వేడి చేసి, ఊతలు కోసి, పైనున్న గింజలు రాలేట్టు ఇసుక చిమ్మి, ఆమ్లంలో ముంచి తీసి, ఆవిడ బల్ల మీద పెట్టారు. మొదటిదానికి, దీనికి వెంట్రుకంత తేడా లేదు. అదే కనుబొమ్మ గట్టు. చచ్చిన మనిషి లేచి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది ఆవిడకు. కాగితం ఆనించగానే చేరిన మొదటి వారంలోలా అదిమేసింది. కణత దగ్గర చిన్న నీలం మచ్చ తేలింది. దీన్ని కూడా చంపేస్తానా ఏమిటని పైకే అనేసింది.

పొడి బాబాయి వచ్చి మచ్చను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైపైనే ఉందమ్మా. కాగితం మార్చి మెల్లిగా తీసెయ్. మందం ఇంకా ఉంది." కొత్త కాగితం చేతికిచ్చి, "నేనిక్కడే కూర్చుంటాలే" అన్నాడు.

నిజంగానే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తన మిషన్ పని ఇంకొకరికి అప్పజెప్పి, ఆవిడకు తడి గుడ్డ అందిస్తూ, కాగితాలు చించి ఇస్తూ, ఆ ప్లేటు అయ్యేదాకా పక్కన ఉన్నాడు. మచ్చ పోయింది. చివరి మెరుగు పెట్టి, కడిగి, ఎండబెట్టి, పెట్టెలోకి పంపేటప్పుడు మెరుగక్క దాన్ని పలకరించలేదు. పలకరిస్తే ఏమవుతుందోనని భయపడింది.

ఆ పెట్టె వెళ్లిన వ్యాన్లోనే చెవి వెనక ప్లేటు ఉన్న చిన్న పెట్టె తిరిగి వచ్చింది. ముద్ర కూడా చెదరలేదు. చూస్తానని మెరుగక్క అడిగింది. చూసి ఏం చేస్తావని సూపర్‌వైజరు అన్నాడు కానీ, తెరిచి ఇచ్చాడు.

అరచేతిలో పట్టేంత ప్లేటు. లోతులేని దొన్నెలా ఉంది. వెలుగుకు పెట్టి చూసింది. మెరుగు ఎక్కడా తప్పలేదు. బెజ్జాల అంచులు గుండ్రంగా ఉన్నాయి. అంచు గరుకు ఉండాల్సినంతే ఉంది. తన పనే, సందేహం లేదు. అయినా పరాయి ఇంట్లో తన ఫోటో చూసినట్టుంది. ఒక్క తప్పైనా కనపడితే, అయ్యో అని దాన్ని పట్టుకుని ఏడ్చేదేమో. ఏ తప్పూ లేదు. బాగా చేసింది, గుర్తులేకుండా చేసింది.

దీన్ని కూడా కోసెయ్యాలి. మెరుగక్క ప్లేటు వదలకుండానే సూపర్‌వైజరుతో అంది.

"ముందు ఫోన్ చెయ్యండి. నా ఎదురుగా చెయ్యండి. డాక్టరుతోనే మాట్లాడండి."

ఆయన కాదనలేదు. నంబరు రెండుసార్లు చదివి వినిపించాడు. అవతలివాళ్లు అవునన్నారు. డాక్టరు లైన్లోకి వచ్చి ఆయన కూడా అవునన్నాడు. ఫోను పెట్టేశాక కూడా మెరుగక్క అక్కడే నిలబడి ఉంది. ఇది కూడా పొరపాటని ఎవరో ఒకరు అంటారేమోనని ఇంకా చూస్తూనే ఉంది. ఎవరూ అనలేదు.

ప్లేటు తీసుకుని కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చుంది. వేళ్లతో దాని వంపు పొడవునా తడిమింది. బెజ్జాలు ఒక్కొక్కటే తడిమింది. కూతురికి అక్షరాలు దిద్దించినట్టు తన వేళ్ల చేత దిద్దించుకుంది. తర్వాత లేచి వెళ్లి కోసింది. ఈసారి పొడి బాబాయి పక్కనే నిలబడి నీళ్ల ధార పట్టాడు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో ప్లేటు రద్దు చెయ్యాలంటే డాక్టరుతో స్వయంగా మాట్లాడాలనే పద్ధతి వచ్చింది. ఫోన్ విన్న ఆఫీసు మనిషి చాలా రోజులు మెరుగక్కకు ఎదురుపడకుండా తప్పుకు తిరిగాడు. ఒకసారి మెట్ల మీద తప్పించుకోలేక నిలబడిపోయాడు. ఆవిడ భోజనం చేశావా బాబూ అని అడిగింది. అతను తలూపి, గబగబా దిగిపోయాడు.

ఎండలు ముదిరే రోజుల్లో, నుదుటి ప్లేటాయన తన అక్కను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చాడు. గోడలకు రంగులు వేసే మేస్త్రీ అట. కట్టిన కర్రల మీంచి జారి పడ్డాడట. కోపిష్టిలా లేడు. మనిషి సన్నగా ఉన్నాడు, చొక్కా కొంచెం వదులుగా ఉంది, ఒకవైపు జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది. గదిలోకి వస్తూనే నవ్వుతూ అడిగాడు.

"నా బుర్ర రుద్దింది మీరేనా అండీ? మా అక్క చిన్నప్పటి నుంచీ రుద్దుతూనే ఉంది, ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదు."

అందరూ నవ్వారు. మెరుగక్క నవ్వలేకపోయింది. కనుబొమ్మ గట్టు ఒక్కటి ఉన్నదున్నట్టు ఎదురుగా ఉంది. దాని కింద కన్ను కదులుతోంది, రెప్ప పడుతోంది, చెమట కూడా పట్టింది. ఇన్నాళ్లూ వేళ్లతో తెలిసినదానికి ప్రాణం ఉండడం ఆవిడకు నమ్మశక్యం కాలేదు. చెప్పకూడదనుకున్న మాట చెప్పేసింది.

"మీరు పోయారని చెప్పారండీ. మీ ప్లేటు ఒకసారి నేను కోసేశాను. ఇది రెండోది."

సూపర్‌వైజరు కంగారుపడ్డాడు. మేస్త్రీ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ మాత్రం నుదురు తడుముకున్నాడు.

"నేను పోయానని ఎవరో ఒకరు నాకూ చెప్పాల్సింది" అన్నాడు. "ఆ వారమంతా ఆస్పత్రి మంచం మీద ఊరికే కూర్చున్నాను."

అప్పుడు మెరుగక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన కంగారుపడి, తన వల్ల ఏదో అయిందనుకుని క్షమించమన్నాడు. మేస్త్రీ అక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తీసుకెళ్లి మంచినీళ్లు తాగించింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని పిల్లల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. చెవి వెనక ప్లేటు సంగతి మెరుగక్క వాళ్లకు చెప్పలేదు. అది వాళ్లది కాదనుకుంది.

వాళ్లు వెళ్లాక బల్ల దగ్గరికి వచ్చింది. పొడి బాబాయి అప్పుడే కడిగి పెట్టిన కొత్త ప్లేటు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. దవడ కింది భాగం, ఎడమవైపుది. మెరుగక్క కాగితం అందుకోబోయి ఆగి, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ముసుగు కట్టుకుని గొట్టం స్విచ్ వేసింది.